ముగ్గుల పుస్తకం గోడెక్కితే

నెలగంట పెట్టిన రోజే ట్రంకుపెట్టె మూత లేచేది. పట్టుచీరల కింద, పాత శుభలేఖల మధ్య పదకొండు నెలలుగా పడున్న ముగ్గుల పుస్తకం ఆ రోజు బయటికొచ్చేది. అసలు అట్ట ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది, దాని స్థానంలో కిరాణా కొట్టు క్యాలెండరు కాగితం. సాయంత్రానికల్లా పక్కింటి పిల్ల గుమ్మంలో నిలబడేది. "పిన్నిగారూ, మీ ముగ్గుల పుస్తకం ఇస్తారా, రేపు పొద్దున్నే తెచ్చిచ్చేస్తాను." ఆ రేపు కనుమ వెళ్ళాక గానీ వచ్చేది కాదు.

పేజీ నిండా పెన్సిలు చుక్కలు, వాటి చుట్టూ నీలం బాల్ పెన్ను గీతలు. కింద చిన్న అక్షరాలతో "15 చుక్కలు, 8 వచ్చేవరకు, సందు చుక్క" అని రాసి ఉండేది. అంటే నడుమ వరుసలో 15 చుక్కలు, పైకీ కిందికీ ఒక్కొక్కటే తగ్గుతూ 8 దాకా. మొత్తం 15 వరుసలు, 169 చుక్కలు. ఒక్క చుక్క తప్పితే చివరి తామరపువ్వుకు రేకు చాలదు. ఇంకో పేజీలో "9 నుంచి 1, ఎదురు చుక్క", అంటే వరుసకు రెండేసి తగ్గడం. మధ్యమధ్యలో జాకెట్టు చేతుల మీద కుట్టుకోవడానికి గీసుకున్న లతలు, గోరింటాకు చంద్రవంకలు, ఎవరో పిల్లాడు గీసిన రెండు కొండల మధ్య సూర్యుడూ పక్కన కొబ్బరిచెట్టూ. వీటిని బొమ్మలని ఆ రోజుల్లో ఎవరూ అనలేదు. గోడ మీద చోటు దేవుడి పటాలకు, పోయిన పెద్దల ఫోటోలకు, క్యాలెండరుకు.

ఇప్పుడు ఆ పుస్తకాలు తర్వాతి తరం చేతికొచ్చాయి. వచ్చిన వెంటనే గోడకు పెట్టాలన్న ముచ్చట పుడుతుంది. ట్రంకుపెట్టెలో నలభై ఏళ్ళు చెక్కుచెదరని కాగితం పాడయ్యేది సరిగ్గా అప్పుడే.

పాడయ్యే దారులు ఏవో కొత్తవి కావు. మొదటిది సెల్లోటేపు. చిరిగిన పేజీకి ప్రేమగా అంటించిన టేపు కొన్నేళ్ళకు ఎండి ఊడిపోతుంది, దాని జిగురు మాత్రం కాగితంలోకి ఇంకి బెల్లం రంగు చార మిగులుస్తుంది. ఆ చార ఇంట్లో చేసే ఏ పనికీ పోదు. రెండోది లామినేషను. ఒకప్పుడు పదో తరగతి సర్టిఫికెట్లన్నిటికీ చేయించినట్టే బొమ్మలకూ చేయించేవారు. వేడి ప్లాస్టిక్ రెండు వైపులా కరుచుకున్నాక కాగితాన్ని మళ్ళీ విడదీయలేం. అంచు కాస్త విచ్చుకుందంటే తేమ లోపలికి దూరి బయటికి రాదు. మూడోది పటాలు కట్టే కొట్టు. అక్కడి పనివాళ్ళది చెయ్యి తిరిగిన పనే, కాకపోతే వాళ్ళకు అలవాటైనవి అచ్చు పటాలు. చేతి బొమ్మనూ అలాగే హార్డ్ బోర్డుకు బంకతో పూర్తిగా అతికించేస్తారు. ఫ్రేములో పట్టకపోతే అంచు కత్తిరిస్తారు. ఆ కత్తిరింపులో ముందుగా పోయేది "సందు చుక్క" అని రాసిన కింది వరసే.

అందుకని కొట్టుకు అసలు బొమ్మ పట్టుకెళ్ళకండి. అదే కొలతకు తెల్లకాగితం ఒకటి కోసి తీసుకెళ్ళండి. ఫ్రేము, అద్దం, మౌంటు (బొమ్మ చుట్టూ కనిపించే, మధ్యలో కిటికీలా కోసిన అట్ట), వెనక చెక్క కట్టించుకుని, వెనక మేకులు కొట్టకుండా ఊరికే ఆనించి ఇమ్మనండి. బొమ్మను ఇంటి దగ్గర మీ చేత్తో మీరే పెట్టుకోవచ్చు. కొట్టులో నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఇంకో మాట ముందే తేల్చుకోవాలి. మన ఇళ్ళల్లో బొమ్మను నిలబెట్టడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి పటం పద్ధతి: ఒకసారి మేకు కొట్టి తగిలిస్తే తరం మారేదాకా దించరు. రెండోది కొలువు పద్ధతి: అటక మీద నుంచి దించి, మెట్లు కట్టి, నాలుగు రోజులు చూసుకుని, మళ్ళీ పాత బట్టల్లో చుట్టి ఎక్కించేస్తారు. కొండపల్లి బొమ్మల రంగులు అన్నేళ్ళు నిలిచాయంటే రంగుల నాణ్యతతో పాటు ఆ అటక చీకటి కూడా కారణమే. చిన్న కాగితం బొమ్మలకు కొలువు పద్ధతే తగినది. పదిహేను బొమ్మలుంటే మూడో నాలుగో బయట, మిగతావి పెట్టెలో. మూడు నెలలకోసారి వంతు మార్చడం.

ఎందుకంటే వెలుగు చేసిన చెరుపు కూడుతూ పోతుంది, చీకట్లో పెట్టినంత మాత్రాన వెలిసిన రంగు వెనక్కి రాదు. కాగితం మీది బొమ్మలకు మ్యూజియాల్లో సాధారణంగా పెట్టుకునే హద్దు 50 లక్సులు (లక్సు అంటే వెలుగును కొలిచే ప్రమాణం). నేరుగా పడే ఎండ దగ్గరదగ్గర లక్ష లక్సులు. అంటే ఒక్క గంట ఎండ తగిలితే, 50 లక్సుల్లో రోజుకు 8 గంటల చొప్పున 250 రోజులు చూపించినంత వెలుగు ఆ కాగితం తాగేసినట్టే. ఫోనులో వెలుగు కొలిచే యాప్ వేసుకుని గోడ దగ్గర పట్టి చూడండి. అంకె పక్కాగా రాకపోయినా ఏ మూల నీడో ఏ మూల కాదో తెలిసిపోతుంది.

మన ప్రాంతంలో ఇంకో చిక్కుంది. మే మధ్య నుంచి జులై దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరానే ఉంటాడు కాబట్టి దక్షిణపు కిటికీలోంచి ఎండ రాదు. అది చూసి ఆ కిటికీకి ఎదురు గోడ క్షేమమనుకుంటాం. డిసెంబరు వచ్చేసరికి విజయవాడలో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి 40 డిగ్రీలు దక్షిణంగా వంగుతాడు, ఎండ గది మధ్యదాకా పాకుతుంది. గోడ ఎంచుకునే ముందు ఒక్క రోజు కాదు, రెండు కాలాలు చూడాలి. అంత ఓపిక లేకపోతే కిటికీ ఉన్న గోడకే, కిటికీకి పక్కగా పెట్టండి. కిటికీలోంచి వచ్చే ఎండ ఆ కిటికీ ఉన్న గోడ మీదే పడదు.

ఏ రంగు ముందు వెలుస్తుందో తెలిస్తే వంతులు వేయడం సులువు. పెన్సిలు గీత వెలుగుకు వెలవదు, రాపిడికి చెదురుతుంది. నల్లటి ఇండియన్ ఇంకు కూడా మసితో చేసింది కాబట్టి నిలబడుతుంది. బాల్ పెన్ను నీలం, ఫౌంటెన్ పెన్ను రాయల్ బ్లూ పాలిపోతాయి. స్కెచ్ పెన్నులు మరీ అన్యాయం. పన్నెండు రంగుల పెట్టెలో సాధారణంగా గులాబీ, ఊదా ముందు పోతాయి. పసుపుతో అద్దిన రంగైతే చెప్పనే అక్కర్లేదు, పసుపు మరక పడ్డ చొక్కాను ఎండలో ఆరేస్తే ఏమవుతుందో మన ఆడవాళ్ళకు తెలిసిందే. మీ దగ్గరున్న పెన్నులతో పరీక్ష చేసుకోవచ్చు: ఒక కాగితం మీద అన్ని రంగులూ గీతలు గీసి, సగానికి నల్లకాగితం చుట్టి, కిటికీలో నెల రోజులుంచి విప్పి చూడండి. వెలిసిపోయే రంగులతో వేసిన బొమ్మైతే 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల వివరంతో) స్కాన్ తీయించి, ఆ నకలునే గోడకు పెట్టి, అసలును దాచుకోవడం ఉత్తమం. అందులో చిన్నతనమేమీ లేదు, ముగ్గుల పుస్తకంలో ఉన్నవే సగం నకళ్ళు.

పిల్లల మైనపు క్రేయాన్ బొమ్మల సంగతి వేరు. వేసవి వేడికి మైనం మెత్తబడి అద్దానికి అంటుకుంటుంది. అద్దం ఆనకుండా ఎడం ఉండి తీరాలి.

ఆ ఎడం ఇచ్చేదే మౌంటు. మామూలు మౌంటు బోర్డు మందం ఒకటిన్నర మిల్లీమీటరు దాకా ఉంటుంది. మన తీర ప్రాంతపు ఉక్కకు అది చాలదు, రెండు కలిపి మూడు మిల్లీమీటర్లు చేయించండి. అద్దం లోపలివైపు చెమర్చినా నీరు కాగితాన్ని తాకదు. బోర్డు కొనేటప్పుడు ఆమ్లం లేనిదని అడిగి తీసుకోవాలి. గడ్డితో చేసిన గోధుమరంగు అట్ట వాడితే కిటికీలా కోసిన ఆ అంచు పొడుగునా బొమ్మ మీద గోధుమ గీత పడుతుంది. పాత ఫోటోల చుట్టూ చూస్తుంటామే, అదే.

చిన్న బొమ్మకు పెద్ద మౌంటు కావాలి. పోస్టుకార్డు కొలత 14 × 9 సెంటీమీటర్లు. దాన్ని నిలువుగా 8 × 10 అంగుళాల ఫ్రేములో పెడుతున్నామనుకుందాం. మౌంటులో కోసే కిటికీ 13.4 × 8.4 సెంటీమీటర్లు, అంటే చుట్టూ మూడు మిల్లీమీటర్లు మాత్రమే బొమ్మ మీదికి వస్తుంది. పక్కల ఆరేసి సెంటీమీటర్లు, పైన ఐదున్నర, కింద ఆరున్నర మిగలాలి. పైనా కిందా సమానంగా కోస్తే బొమ్మ కిందికి జారినట్టు కనిపిస్తుంది, ఎవరికీ ఎందుకో తెలియదు. ముగ్గు అంచుదాకా గీసి ఉన్నా, కింద రాత ఉన్నా మూడు మిల్లీమీటర్లు కూడా కప్పొద్దు. కిటికీని కాగితం కన్నా అర సెంటీమీటరు పెద్దదిగా కోసి, లోపల కాగితం మొత్తం అంచులతో సహా కనిపించేలా వదిలేయండి. చిరుగులు, నూనె మరక, పిల్లల వేలిముద్ర కూడా కనిపిస్తాయి. అవి కనిపించకపోతే ఇంక ఆ కాగితం ఎందుకు?

అతికించే పని దగ్గరే అందరూ తొందరపడతారు. ఫెవికాల్ లాంటి తెల్ల బంక ఎండాక నీళ్ళకు వదలదు, కాగితం ముడతలు పడుతుంది. పుస్తకాలు బైండు చేసేవాళ్ళ మైదా బంకలో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపేవారు. అది రాగి లవణం, కాలం గడిచేకొద్దీ కాగితాన్ని పెళుసు చేస్తుంది. కావలసింది గోధుమ గంజి బంక, అందులోనూ పిండిలోని జిగట తీసేసినది. గోధుమ హల్వాకు పాలు తీయడం తెలిసిన ఇంట్లో ఇది కొత్త విద్య కాదు. మైదాను ముద్దగా కలిపి, గంట నాననిచ్చి, గిన్నెడు నీళ్ళలో పిసుకుతూ కడిగితే తెల్లటి పాలు దిగి, చేతిలో రబ్బరులాంటి ముద్ద మిగులుతుంది. ముద్ద పారేసి, పాలు రాత్రంతా కదపకుండా ఉంచి, పైన తేరిన నీరు వంపేస్తే అడుగున పేరుకున్నదే మనకు కావలసిన గంజిపిండి. ఆరబెట్టుకుంటే చాలా రోజులుంటుంది. ఒక చెంచా పొడికి ఐదు చెంచాల నీళ్ళు పోసి అరగంట నాననిచ్చి, సన్నటి సెగ మీద ఇరవై నిమిషాలు కలుపుతూనే ఉడికించాలి. మొదట పాలలా ఉండి, గట్టిపడి, ఆఖరుకు అద్దంలా మెరుపొస్తుంది. చల్లారాక పల్చటి బట్టలో వడకట్టండి. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులకు మించి ఉంచొద్దు. పుల్లటి వాసన వస్తే పారేసి మళ్ళీ కాచుకోండి.

బొమ్మను పట్టి ఉంచడానికి పల్చటి, గట్టి నారకాగితం కావాలి. బొమ్మల సామాను అమ్మే కొట్లలో జపాను టిష్యూ అని దొరుకుతుంది. కత్తెరతో కోయకుండా, తడి కుంచెతో గీత గీసి ఆ గీత వెంట చింపితే అంచుకు నారలు తేలి బొమ్మ మీద గట్టు కనపడదు. ఒక సెంటీమీటరు వెడల్పు, రెండు సెంటీమీటర్ల పొడవు ముక్కలు రెండు చాలు. బొమ్మ వెనక పై అంచుకు మూడు నాలుగు మిల్లీమీటర్ల మేర అంటించి, మిగతా భాగాన్ని వెనక బోర్డుకు అంటించండి. బంక పల్చగా, దాదాపు పొడిగా ఉండాలి. తడి ఎక్కువైతే ముందువైపు ఉబ్బు తేలుతుంది. పైన పీల్చుడు కాగితం వేసి, దాని మీద కిలో కందిపప్పు పొట్లం పెట్టి గంట వదిలేయండి. పై అంచు ఒక్కదానికే ఎందుకంటే, కాగితం శ్రావణంలో ఉబ్బుతుంది, వైశాఖంలో ముడుచుకుంటుంది. నాలుగు వైపులా బిగిస్తే సాగడానికి చోటులేక మధ్యలో అప్పడంలా లేస్తుంది.

బంక అంటేనే భయమైతే మూలలు వాడండి. నల్లకాగితాల ఫోటో ఆల్బముల్లో ఉండేవే. రెండు సెంటీమీటర్ల వెడల్పు, ఆరు సెంటీమీటర్ల పొడవు కాగితం పట్టీ తీసుకుని, నడుమ నుంచి రెండు రెక్కలనూ కిందికి మడిస్తే ముక్కోణపు జేబు వస్తుంది. బొమ్మ మూలను అందులో దూర్చి, రెక్కలను మాత్రం బోర్డుకు అంటించండి. బొమ్మకు బంక చుక్క తగలదు. జేబులు మరీ బిగుతుగా వద్దు, పోస్టుకార్డు అటూ ఇటూ వెంట్రుకవాసి కదలాలి.

ఈ పనికి ముహూర్తం సంక్రాంతి వెళ్ళాకే. మాఘ ఫాల్గుణాల్లో గాలి పొడిగా ఉంటుంది. వర్షాకాలంలో బిగించిన ఫ్రేములో ఆ తేమ కూడా బిగిసిపోయి, దసరా నాటికి బూజు చుక్కలు తేలతాయి. తేలితే తడిబట్టతో తుడవొద్దు, రుద్దిన కొద్దీ లోపలికి ఇంకుతుంది. బయట నీడలో ఆరనిచ్చి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, మెత్తటి కుంచెతో దులపాలి.

పాత ఇళ్ళల్లో పటాలను పైన తాడుతో ముందుకు వాల్చి కట్టేవారు. కింద నిలబడి తలెత్తి చూసేవాడికి అద్దం మీద మెరుపు పడకుండా ఉండేది. పటం వెనక్కి గాలి ఆడేది, సున్నపు గోడ చెమ్మ తగిలేది కాదు. పిచ్చుకలకు గూడూ దొరికేది. ఫ్రేము గడ్డితో నిండిపోయినా పిల్లలు పెట్టిందని ఎవరూ తీసేవారు కాదు. ఇప్పుడు ఫ్రేములను గోడకు హత్తించేస్తున్నాం, పిచ్చుకలు ఎటూ లేవు. కనీసం వెనక కింది మూలల్లో రెండు బెండు ముక్కలో రబ్బరు బిళ్ళలో అంటించి అర సెంటీమీటరు ఎడం ఇవ్వండి. చెమ్మ గోడో కాదో తెలియాలంటే అడుగు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి రెండు రోజులాగండి. లోపలివైపు నీటి బొట్లు పడితే ఆ గోడ వద్దు. స్నానాలగదికి ఆనుకున్న గోడ, వానజల్లు కొట్టే గోడ పరీక్ష లేకుండానే వద్దు.

మేకుల కన్నా చెక్క పట్టీ మేలు. 90 సెంటీమీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల వెడల్పు, ముందు అంచుకు ఒక సెంటీమీటరు గట్టు. దాని మీద 8 × 10 ఫ్రేములు మూడు, మధ్య ఆరేసి సెంటీమీటర్ల ఎడంతో హాయిగా ఆనతాయి. వంతు మార్చాలంటే చేత్తో తీసి పెట్టడమే. పోస్టుకార్డంత బొమ్మను మూరెడు దూరం నుంచి చూడాలి గనుక హాల్లో సోఫా పైన ఎత్తున పెడితే అది మచ్చలా కనిపిస్తుంది. మనిషి ఆగే చోటు వెతకండి: వంటింటి గుమ్మం పక్క (పొయ్యి ఆవిరి తగలనంత దూరంలో), మెట్ల మలుపు, రాసుకునే బల్ల ముందు. నిలబడి చూసే చోట బొమ్మ మధ్యభాగం నేల నుంచి 145 సెంటీమీటర్లు, కూర్చుని చూసే చోట 115. అమెరికాలో చలి ప్రాంతాల్లో ఉన్నవాళ్ళకు చెమ్మ బాధ తక్కువ, చలికాలం హీటరు బాధ ఎక్కువ. వేడిగాలి వచ్చే చోటికి పైన పెడితే కాగితం ఎండి పెళుసెక్కుతుంది.

పుస్తకం పుస్తకంగానే మిగిలి ఉంటే మాత్రం పేజీలు చింపకండి. రెండు వైపులా ముగ్గులుంటాయి, ఒకటి చూపిస్తే రెండోది గోడవైపు తిరుగుతుంది. అటక మీది వ్యాసపీఠం దించి దాని మీద తెరిచిపెట్టండి. వీపు పూర్తిగా విరిగేలా కాక, సగం తెరిచిన తలుపులా చాలు. వారానికో పేజీ తిప్పండి. తుప్పుపట్టిన పిన్నులుంటే మధ్య పేజీ దగ్గర వాటి కాళ్ళను పల్చటి చాకుతో నిటారుగా లేపి, వెనకనుంచి మెల్లగా లాగేసి, అవే రంధ్రాల్లోంచి నూలుదారంతో కుట్టండి. రంధ్రాలు పెద్దవైతే మధ్యలో కొత్తది ఒకటి పొడిచి మూడు రంధ్రాల కుట్టు వేయొచ్చు.

పెట్టెలోకి వెళ్ళే వాటికి మధ్యమధ్య తెల్లటి పల్చని కాగితం వేయండి, వార్తాపత్రిక వద్దు. కలరా ఉండలు కాగితానికి తగలకుండా గుడ్డలో మూటకట్టి మూలన పెట్టాలి. వేపాకైతే గలగలలాడేలా ఎండినదే వేయండి, పచ్చాకు తేమ తెచ్చి కాగితం తినే సిల్వర్ ఫిష్ పురుగును తనే పిలుస్తుంది. ప్రతి బొమ్మ వెనక అంచున మెత్తటి పెన్సిలుతో ఎవరి చెయ్యో, ఏ ఏడో, ఎన్ని చుక్కలో రాయండి.

సంక్రాంతికి కొలువు పెట్టే ఇల్లైతే పై మెట్లు బొమ్మలకు, కింది మెట్టు ఈ కాగితాలకు ఇవ్వొచ్చు. మెట్లు ఎలాగూ బేసి సంఖ్యలోనే కడతారు, ఐదు కడితే ఒకటి చాలు. వెనక అట్టకాలు మడిచి నిలబెట్టిన చిన్న ఫ్రేములు తెల్లపంచె మీద ముచ్చటగా ఉంటాయి. దీపాలు మీటరు దూరంలో, హారతి ఇంకా అవతల ఉండాలి. నూనె మసి అద్దం వెనక్కి కూడా దూరుతుంది. భోగిపళ్ళు పోసేటప్పుడు కింది మెట్టు ఖాళీ చేసేయండి, రేగుపళ్ళూ చిల్లరా ఎటు ఎగురుతాయో చెప్పలేం. పేరంటానికి వచ్చినవాళ్ళ చేతులకు పసుపుంటుంది, నానబెట్టిన శనగల తడి ఉంటుంది, పుస్తకం చూడగానే పేజీ తిప్పాలనిపిస్తుంది. వద్దనలేం. తిప్పే పని ఇంట్లో ఒకరికి అప్పగించండి.

వచ్చినవాళ్ళు ఆ ముగ్గు కావాలని అడుగుతారు కూడా. కొలువు పక్కన చిన్న బల్ల వేసి, ముందే 15 నుంచి 8 దాకా సందు చుక్కలు పెట్టిన కాగితాలు ఒక ఇరవై, చెక్కిన పెన్సిళ్ళు నాలుగు పెట్టండి. పెన్ను మాత్రం ఆ దరిదాపుల్లో ఉంచొద్దు.